ఈ నడుమ నేను చూచిన చలనచిత్రములు

మన పాఠశాల సాంవత్సరిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, వ్యాకరణమును గుఱించియో సత్ప్రవర్తనమును గుఱించియో వ్రాయుదునని వారు తలచి యుందురు. కాని యీ సంవత్సరము పిల్లలతో నేను ఎక్కువగా మాటలాడినది చలనచిత్రములను గుఱించియే. సోమవారమునాడు ప్రార్థన ముగిసి తరగతిలో అడుగు పెట్టగానే, నిన్న ఎవరే చిత్రము చూచిరో, అందులో నాయకుడు ఎందరిని కొట్టెనో యను ముచ్చటలు నా చెవిని పడుచునే యుండును. మా చిన్నతనమున సినిమాకు పోయిన సంగతి తలిదండ్రులకు చెప్పుటకు వెఱచెడివారము. నేడట్లు కాదు. సినిమాయే సెల్‌ఫోనులో నింటికి వచ్చి వంటయింటిలో కూర్చున్నది. వచ్చినదానిని పొమ్మనుట మన వశము కాదు. కనుక వచ్చినదానిలో మంచి యెంతయో, నిజమెంతయో విచారించి పిల్లలకు తెలుపుట పెద్దల పని యని నాకు తోచినది. ఆ పనిలో నేనే యొక తప్పు చేసితిని. దానిని దాచక చెప్పుటయే యీ వ్యాసమునకు ముఖ్య కారణము.

నేను మొదట చూచిన చిత్రము 'కరుణామయుడు'. 1978వ సంవత్సరమున విడుదలయైన ఆ చిత్రమునకు ఏ. భీమ్‌సింగ్ గారు దర్శకులు. క్రీస్తు పాత్రను విజయచందర్ గారు ధరించిరి. విడుదలయైన పదియేండ్లకు గాని అది మా యూరికి రాలేదు. టెక్కలికి చేరువనున్న మా పల్లెలో, ప్రార్థనామందిరము ముందరి ఖాళీస్థలమున, రెండు సరుగుడు కఱ్ఱల నడుమ తెల్లని దుప్పటి కట్టి చూపిరి. గాలి వీచినప్పుడెల్ల యెరూషలేము పట్టణము కదలుచుండెను. సిలువ మోయు ఘట్టము రాగానే మా నాయనమ్మ లేచి నిలుచున్నది. వెనుకవారికి కనబడదు, కూర్చుండుమని మా తండ్రి గసరగా, "ఆ బాబు అంత బరువెట్టుకుని నడుస్తంటే నానెలాగ కూకుంతానురా?" అనెను. ఆమెకు చదువు రాదు. తెరమీదివాడు నటుడని ఆమె యెఱుగకపోలేదు. అయినను, ఒకని బాధ కన్నులయెదుట జరుగుచుండగా చూచువానికి కొంత మర్యాద కావలయునని ఆమె మనస్సు చెప్పినది. ఇన్ని యేండ్ల తరువాత ఏ చిత్రము చూచినను ఆమె నిలుచుండుటయే నాకు జ్ఞాపకము వచ్చుచుండును.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేను చదువుకొనినప్పుడు, దృశ్య శ్రవణ బోధనోపకరణములను గుఱించి యొక పాఠముండెను. చిత్రమును తరగతిలో చూపుటకు ముందు ఉపాధ్యాయుడు దానిని తాను పూర్తిగా చూడవలెను. పిల్లలను దానికి సిద్ధపఱచవలెను. చూపిన పిమ్మట వారిచేత మాటలాడింపవలెను. పరీక్షలో ఈ మూడు నియమములను తప్పులేకుండ వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిని. వ్రాసిన దానిని ఆచరించుట వేఱని పిదప తెలిసినది. ఆ సంగతి చెప్పుటకు ముందు, ఈ నడుమ చూచిన చిత్రములను గుఱించి నా యభిప్రాయములను క్రమముగా విన్నవించుకొందును.

మొదటిది, మన పట్టణము పేరే పెట్టుకొనిన 'పలాస 1978'. ఇది 2020వ సంవత్సరము మార్చి 6వ తేదీన విడుదలయైనది. దర్శకులు కరుణకుమార్ గారు. అది వచ్చిన కొలది దినములకే కరోనా కారణముగా దేశమంతట సినిమాశాలలు మూతపడినవి గనుక, నావలె ననేకులు దీనిని ఇంటిలోనే చూచిరి. పాటపాడి ఆటయాడి బ్రతుకు కుటుంబమున పుట్టిన మోహనరావు, రంగారావు అను అన్నదమ్ములు కులము చేతను ధనము చేతను అవమానింపబడి, కత్తి పట్టి, తుదకు రాజకీయములవారి చేతిలో పనిముట్లగుట ఇందలి కథ. కులమును గుఱించి సణుగక పైకి చెప్పినందుకు నేను దర్శకుని మెచ్చుకొందును. మన ప్రాంతపు జానపద గీతములను తెరకెక్కించినందుకును మెచ్చుకొందును. కాని రక్తము మితిమీరినది. చిత్రము చూచి వచ్చిన బాలుని మనస్సున అన్యాయము నిలుచునా, కత్తి నిలుచునా యని అడిగినచో, కత్తియే నిలుచునని నా యనుభవము. అంతేకాక, పలాసను బ్రతికించుచున్నది జీడిపరిశ్రమ. పిక్కలు కాల్చి, పెంకు కొట్టి, పప్పునకు పొట్టు తీసి, నిండుపప్పు వేఱు, బద్ద వేఱు, ముక్క వేఱు చేయువారిలో స్త్రీలే యెక్కువమంది. ఆ పెంకులోని జిగురునూనె తగిలి వారి వ్రేళ్ళు నల్లబడి పొక్కిపోవును. మన బడిలో చదువుకొనుచున్న ఎందఱో పిల్లల తల్లుల చేతులట్టివి. చిత్రములోని పలాసయందు కత్తులెక్కువ, ఆ చేతులు తక్కువ.

భాషను గుఱించి యొక మాట. చిరకాలము మన శ్రీకాకుళపు మాట సినిమాలలో హాస్యగాని నోటనే వినబడుచుండెను. మన యాస పలికినచో జనులు నవ్వవలెనను నియమమేదో యున్నట్లుండెడిది. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' అను చిత్రమున దర్శకులు వెంకటేశ్ మహా గారు విశాఖపట్టణములోని యా పేటవారిచేతనే అనేక పాత్రలు వేయించి, ఉత్తరాంధ్రపు మాటను ప్రేమకును దుఃఖమునకును పనికివచ్చునట్లు వినిపించిరి. 'పలాస 1978' నందును నాయకుడే మన మాట పలికెను. తరగతిలో ఇంటిమాట దొర్లినప్పుడు సిగ్గుపడు పిల్లలకు ఇది కొంత ధైర్యమిచ్చినది. గ్రాంథికము నేర్పువాడనైన నేనే యీ మాట చెప్పుచున్నానని ఆశ్చర్యపడవలదు. తల్లి నేర్పిన మాటను చూచి సిగ్గుపడువాడు ఏ భాషను చక్కగా నేర్వజాలడు.

రెండవది 'తండేల్'. ఇది 2025వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన విడుదలయైనది. దర్శకులు చందూ మొండేటి గారు. నాగచైతన్య, సాయిపల్లవి గారలు ముఖ్యపాత్రధారులు. తండేలనగా మరబోటుమీది పనివారికి పెద్ద. ఈ చిత్రమునకు మూలమైనది మన జిల్లాలో జరిగిన కథ. శ్రీకాకుళమునకు 193 కిలోమీటర్ల సముద్రతీరమున్నను, పెద్ద మరబోట్లు నిలుచుటకు తగిన రేవులు లేక, మన జాలరులు దేశమునకు ఆవలి యొడ్డుననున్న గుజరాతులోని వేరావల్ రేవునకు కూలికి పోవుచుండిరి. 2018 నవంబరు నెలలో అట్లు పోయిన కొందఱు సముద్రముమీద సరిహద్దు దాటిరని పాకిస్తానువారు పట్టుకొని కరాచీ చెఱసాలలో నుంచిరి. ఏడాదికి పైగా గడచిన పిమ్మట, 2020 జనవరి 6వ తేదీన ఇరువదిమంది వాఘా సరిహద్దు దాటి స్వదేశమున అడుగు పెట్టిరి. వారిలో ఎక్కువమంది మన జిల్లావారే.

ఇచ్చట నా యజ్ఞాన మొకటి చెప్పవలెను. చాల యేండ్ల క్రిందట, వజ్రపుకొత్తూరు తీరమునుండి యొక తల్లి తన కుమార్తెను బడిలో చేర్చుటకు వచ్చినది. తండ్రి యెక్కడ నుండునని అడుగగా "ఏరావలు" అనెను. అది ఏ మండలములోనిదని నేను కలము పట్టుకొని యడిగితిని. ఆమె నవ్వి, "మండలం కాదు మేష్టారూ, దేశం సివర" అనెను. చేరువనున్న సముద్రపుటొడ్డున ఇన్ని యిండ్ల మగవారు ఏటికి ఎనిమిది తొమ్మిది నెలలు దేశపు చివర బ్రతుకుచుండిరని అంతవఱకు నాకు తెలియదు. భూగోళము బోధించు బడిలో ఉపాధ్యాయునికి ఆ తల్లి చెప్పిన భూగోళము అది.

'తండేల్' చిత్రమున తుపానులో చిక్కిన బోటు, ఇంటివద్ద ఫోను మ్రోగునేమోయని కాచుకొనియున్న స్త్రీ, ఈ రెండును నా మనస్సునకు హత్తుకొనినవి. చెఱసాల ఘట్టములు మాత్రము నాకు నచ్చలేదు. అచ్చట కొట్లాటలును జయజయధ్వానములును పెరిగి, అసలు దుఃఖము తెరమఱుగైనది. చెఱయందు మనుష్యుని కృశింపజేయునది దెబ్బలకంటె దినములు. ఇంటివద్దనో, అప్పుల వారు వాకిట నిలుచుందురు. పిల్లల చదువు ఆగిపోవును. అర్జీలు పట్టుకొని స్త్రీలు కార్యాలయముల చుట్టు తిరుగుదురు. ఆ తిరుగుటలో నున్న వీరత్వము తెరమీద కొంచెమే కనబడినది. అయినను ఈ చిత్రమువలన రాష్ట్రమంతట మన జాలరుల వలస తెలిసినది. అది చిన్న మేలు కాదు.

మూడవది కల్పనకథ కాదు. డాక్యుమెంటరీ యనబడు యథార్థచిత్రము. పేరు 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. తీసినవారు కార్తికి గొన్సాల్వెస్ గారు. తమిళనాట ముదుమలై యడవిలోని తెప్పకాడు ఏనుగుల శిబిరమున, బొమ్మన్, బెల్లి యను గిరిజన దంపతులు తల్లిలేని యేనుగుపిల్లను పెంచుట ఇందలి విషయము. 2023 మార్చిలో దీనికి ఆస్కారు బహుమానము వచ్చినది. ఆ రాత్రియే మన తెలుగు పాట 'నాటు నాటు'నకును వచ్చినది. మఱునాడు మన బడి ఆవరణమంతయు ఆ పాటకు చిందులు వేసినది గాని, ఈ చిత్రము మాట యెత్తినవారు లేరు. అందుచేత నేను దానిని ముందు నేను చూచి, పిమ్మట ఎనిమిదవ తరగతికి చూపితిని. నలుబది నిమిషముల చిత్రము, ఒక్కరును కదలలేదు.

దీనిని గుఱించి తరగతిలో మంచి వాదము జరిగినది. పార్వతీపురము మన్యము వైపు బంధువులున్న బాలిక యొకతె లేచి, ఒడిశా కొండలనుండి దిగివచ్చిన యేనుగులు తన మేనమామ చెఱకుతోటను త్రొక్కివేసినవనియు, అచ్చటివారికి ఏనుగు ముద్దు కాదు, భయమనియు చెప్పినది. ఆమె చెప్పినది సత్యము. యథార్థచిత్రమైనను సత్యములో నొక ప్రక్కనే చూపగలదు. కాని యీ చిత్రమునందొక గొప్పగుణము కలదు. బొమ్మన్ బెల్లులను బీదవారని జాలిపడి చూపలేదు. వారు నీరు పోయుట, ముద్దలు చేసి తినిపించుట, మందలించుట చూపిరి. చూచుచుండగా, వారు ఈ పని మనకంటె బాగుగా నెఱిగినవారను గౌరవము కలుగును.

ఆ గౌరవము సంగతి నాకు పూర్తిగా బోధపడినది నాలుగవ చిత్రము వలన. దాని పేరు చెప్పను. తప్పు చిత్రమునదొక్కటియే కాదు, నాదియు.

ఉద్దానమనగా ఉద్యానము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన నేల యిది. ఇరువది యేండ్లకు పైగా ఈ నేలను మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. మధుమేహము గాని రక్తపుపోటు గాని లేని కాయకష్టపువారికిని ఇది వచ్చుచున్నది. శ్రీలంకలోను, నికరాగ్వా, ఎల్‌సాల్వడార్ దేశములలోను పొలము పనివారికి ఇట్టి వ్యాధియే కలదు. నీరనియు, ఎండయనియు, మఱికొన్నియు కారణములుగా పండితులు పరిశోధించినను, ఇదియే కారణమని యింకను నిశ్చయింపబడలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి మంచినీటి పథకమును ప్రారంభమైనవి. ఈ వ్యాధిని గుఱించి చిన్న చిత్రములు పెక్కు వచ్చినవి. అన్నియు ఒకే తీరున మొదలగును: డ్రోను ఆకాశమునుండి పచ్చని కొబ్బరితోటలను చూపును, విషాదసంగీతము వినబడును, పిమ్మట ఒక మంచము.

ఒక శుక్రవారము సాయంకాలము, తొమ్మిదవ తరగతి పిల్లలకు తమ ప్రాంతపు సమస్య తెలియవలెనను సదుద్దేశముతో, అట్టి చిత్రము నొకదానిని చూపితిని. మొదటి అయిదు నిమిషములు మాత్రమే నేను ముందుగా చూచితిని. శిక్షణ కళాశాలలో నేర్చిన మొదటి నియమమును అక్కడనే తప్పితిని. నడుమ నొక డయాలిసిస్ గది కనబడినది. వరుసగా మంచములు, యంత్రములు. వెనుకనుండి వ్యాఖ్యాత గంభీరస్వరముతో, వీరికి మిగిలిన దినములు కొన్నియే యని పలికెను. అప్పుడు నాలుగవ బల్లనుండి యొక బాలుడు లేచి, నన్నడుగకయే బయటికి పోయెను. క్రమశిక్షణ తప్పెనని నేను కోపగించితిని. వెనుకనే పోయి చూడగా, నీళ్ళకుళాయి దగ్గఱ ముఖము కడుగుకొనుచుండెను. కుళాయి కట్టియే యున్నది. ముఖము తడిసియే యున్నది.

"ఆ రెండో మంచం మీదున్నది మా అయ్యండి, మేష్టారూ" అనెను.

నాకు మాట రాలేదు. తన తండ్రి యిక కొలది దినములే బ్రతుకునని, అరువదిమంది తోడిపిల్లల నడుమ, నేను తెచ్చిన యంత్రము ద్వారా, ఆ బాలుడు వినెను. "నాయనా, తప్పు నాది" అని మాత్రము చెప్పగలిగితిని.

ఆదివారము ఆరాధన ముగియగానే వారి యూరికి పోయితిని. తండ్రి అరుగుమీద కూర్చుండి యుండెను. సన్నగా, నల్లగా, చేతిమీద సూదులు గ్రుచ్చిన చోట్లు ఉబ్బి యున్నవి. క్షమాపణ చెప్పుకొనవలెనని వచ్చితినని చెప్పగా, ఆయన నావంక కొంతసేపు చూచి, "నన్ను సినిమాలో సూసినారా మేష్టారూ? ఎలాగున్నాను?" అని నవ్వెను. పిమ్మట కొంతసేపటికి, తన మనస్సులోని మాట చెప్పెను. ఆయన వ్యాధికి ముందు కొబ్బరి దింపు తీయువాడు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున వచ్చిన తిత్లీ తుపానులో ఆయన తోటలోని చెట్లన్నియు కూలిపోయినవి. ఆ మఱుసటి యేడు, వ్యాధి అప్పటికే కనుగొనబడినను, ఆయన తన చేతితో క్రొత్త మొక్కలు నాటెను. "సిత్రం తీసినోలు వచ్చినప్పుడు ఆ మొక్కలు సూపిస్తాను, రండి బాబూ అన్నాను. అక్కర్నేదు, మంచం మీద పడుకోండి అన్నారు" అనెను.

తరువాత నన్ను తోటలోనికి తీసికొనిపోయెను. మెల్లగా నడచుచు, రెండు చోట్ల ఆగి, ఒక్కొక్క చెట్టును చేతితో తట్టి చూపెను. కొన్నిటికి అప్పుడే తొలి గెలలు వేసినవి. కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. ఆ లెక్క తెలిసియే ఆయన నాటెను. మిగిలిన దినములు కొన్నియేయని ఎవరో నిర్ణయించిన మనుష్యుడు, ఏండ్లకుగాని ఫలమియ్యని చెట్లను పెట్టి నీరు పోసెను. ఆ చిత్రము తీసినవారు అబద్ధమాడలేదు. మంచము నిజము, యంత్రము నిజము. కాని వారు చూపిన నిజముకంటె పెద్ద నిజము ఆ గదికి రెండు కోసుల దూరమున నిలుచుండి కాయ కాయుచున్నది. దానిని చూచుటకు వారికి తీరిక లేకపోయెను. వారిని నేనేమనగలను? నా తరగతిలో నాలుగవ బల్లమీద కూర్చున్నవాని తండ్రి యెవరో తెలిసికొనుటకు నాకును తీరిక లేకపోయెను గదా!

ఆ బాలుని, ఆయన తండ్రిని అనుమతి యడిగి, మా తొమ్మిదవ తరగతివారు ఒక సెల్‌ఫోనుతో మూడు నిమిషముల చిత్రము తీసిరి. అందులో విషాదసంగీతము లేదు. మొక్క నాటుటకు గొయ్యి యెంత లోతుండవలెనో, ఇసుకనేలలో నీరెట్లు నిలుపవలెనో ఆయన చెప్పుటయే అందలి విషయము. వ్యాధిని గుఱించి ఒక్కసారి మాత్రము, వారమునకు ఏయే దినములు ఆసుపత్రికి పోవునో చెప్పెను. చేయి కదలి బొమ్మ వణకినది. గాలిచప్పుడులో కొన్ని మాటలు వినబడలేదు. మా నాయనమ్మ చూచిన దుప్పటి తెరవలెనే యున్నది. తలిదండ్రుల సమావేశమునాడు దానిని చూపినప్పుడు ఆయనయే వచ్చెను. కుమారుడు ముందువరుసలో కుర్చీ వేసి, తండ్రిని కూర్చుండబెట్టి, తాను ప్రక్కన నిలుచుండెను. నేను వానిని కూర్చుండుమని చెప్పలేదు.

సోంపేటలోని మిషను ఆసుపత్రిలో బెన్ గల్లిసన్ అను కెనడాదేశపు వైద్యుడు వేలకొలది బీదల కన్నులకు చికిత్స చేసెనని మన పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. ఆయన పనినుండియే 1963లో కెనడాదేశమున 'ఆపరేషన్ ఐసైట్' అను సంస్థ పుట్టినది. కన్నునకు చూపునిచ్చుట వైద్యుల పని. ఆ చూపుతో తోడిమనుష్యుని ఎట్లు చూడవలెనో నేర్పుట తలిదండ్రుల పని, ఉపాధ్యాయుల పని.

విద్యార్థులారా, చిత్రములు చూడవలదని నేను చెప్పను. చూడుడు. కాని చూచిన పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇందులో ఎవరి పని కనబడినది, ఎవరి పని కనబడలేదు? ఇందులోనివాడు నా ప్రక్కన కూర్చుండి దీనిని చూచినచో, నేను ఇట్లే నవ్వుదునా, ఇట్లే యేడ్తునా? ఈ కథ మా యూరిదైనచో, నేనేది చూపియుందును? ఈ ప్రశ్నలకు మీరు వ్రాసి తెచ్చు సమాధానములను నేను సంతోషముతో దిద్దుదును. తలిదండ్రులకు నా మనవి యొక్కటే. మీ యింటి కష్టమును మాకు తెలియజేయుడు. చెప్పుటకు సిగ్గుపడవలదు. మాకు తెలియనిచో, మేలు చేయబోయి గాయము చేయుదుము.

ఈ వ్యాసము అచ్చునకు పోవునాటికి ఆ తోటలోని తొలి గెల దింపిరి. చెట్లింకను పొట్టివే గనుక, కొడుకు నేలమీద నిలుచుండియే కోసెనట. రెండు కాయలు నాకు పంపిరి. ఒకటి కొట్టి నీరు త్రాగితిని. రెండవది తరగతిలో బల్లమీద నున్నది.